ఐసీ జోలికి తర్వాత వెళ్దాం

అందరికీ నమస్కారం. ఈ నల్ల డబ్బా చూస్తున్నారుగా, ఇది నా మొదటి మైక్ ప్రీఆంప్, అంటే మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే డబ్బా. సెకండ్ హ్యాండ్‌లో 2,200 రూపాయలకి కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, ఈ ధరలో దొరికేవన్నీ లోపల ఇంచుమించు ఒకే తాను ముక్కలు. ఆరేళ్లలో దీని మూత మూడుసార్లు విప్పాను. అందులో రెండుసార్లు అనవసరంగా విప్పాను, ఒకసారి మాత్రం అవసరమై విప్పాను, ఈ రోజు మాట్లాడేది ఆ తేడా గురించే.

మొదటిసారి డబ్బా పాడవలేదు, నేనే నెట్‌లో ఏదో చదివి పాడయ్యాను. ఐసీ (లోపల సిగ్నల్‌ని పెంచే చిప్పు) మారిస్తే గొంతు తేటపడుతుందని ఎవరో రాశారు. వెంటనే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 5532 అనే ఐసీ తెచ్చి, లోపలున్న టీఎల్ 072 పీకేసి దీన్ని పెట్టాను. ఒకే పద్యాన్ని స్పీకర్‌లో వేసి, మైక్ కదపకుండా, మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి రికార్డ్ చేశాను. విన్నాను, అబ్బ, ఎంత తేడా అనుకున్నాను. మా తమ్ముడు మాత్రం నమ్మలేదు. ఫైళ్ల పేర్లు మార్చేసి, ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపించాడు. ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది కదా.

ఎందుకలా అయిందో కొంచెం లెక్క చెప్తాను, భయపడకండి. 150 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్న ఏ వస్తువైనా, మైక్ కానివ్వండి, రూపాయి రెసిస్టర్ కానివ్వండి, గది వేడికి తనంతట తనే కాస్త నాయిస్, అంటే సన్నటి సుయ్‌మనే చప్పుడు పుట్టిస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దాకా లెక్కేస్తే అది మైనస్ 131 డీబీయూ (సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో చెప్పే కొలత, మైనస్ ఎంత పెద్దదైతే నాయిస్ అంత తక్కువ) దగ్గర తేలుతుంది. గది ఉష్ణోగ్రతలో దాన్ని అంతకంటే కిందికి దేవుడొచ్చినా దించలేడు. ఒక చవక ప్రీఆంప్ మైనస్ 127, 128 దాకా వచ్చిందనుకోండి, మనం కొట్లాడేది మిగిలిన మూడు నాలుగు డెసిబెల్స్ కోసమే.

పైగా నా డబ్బాలో మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని మొదట పెంచేది ఐసీ కాదు, దాని ముందున్న రెండు ట్రాన్సిస్టర్లు. గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది, బాగా పెంచినప్పుడు అవి వంద రెట్లు పెంచాకే సిగ్నల్ ఐసీకి అందుతుంది. డేటాషీట్‌లో నాయిస్‌ని రూట్ హెర్ట్జ్‌కి ఇన్ని నానోవోల్టులు అని రాస్తారు: టీఎల్ 072కి 18, 5532కి 5. కాగితం మీద మూడున్నర రెట్ల తేడా, చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ సిగ్నల్ ముందే వంద రెట్లు పెరిగింది కాబట్టి ఆ 18ని మైక్ దగ్గర నిలబడి చూస్తే 0.18 మాత్రమే. అదే కొలతలో మైక్ సొంత నాయిస్సే 1.6. తిరునాళ్లలో దోమ రొద ఎవరికి వినపడుతుంది?

లాభం లేకపోతే పోనీ, నష్టం కూడా వచ్చింది. అవుట్‌పుట్ లెవెల్ నాబ్ తిప్పితే గరగర మొదలైంది. పాట్ (నాబ్ కింద ఉండే తిప్పుడు రెసిస్టర్) పోయిందనుకుని అదీ మార్చాను, గరగర పోలేదు. చాలా రోజులకి అర్థమైంది. 072 ఇన్‌పుట్‌లోకి పికోఆంపుల్లో, అంటే ఏమీ లేనంత కరెంటు పోతుంది, 5532కి సుమారు 200 నానోఆంపులు కావాలి, ఆ కరెంటు నాబ్ గుండా పారుతోంది కాబట్టి తిప్పినప్పుడల్లా చప్పుడు. పైగా 5532 ఒక్కటే 8 మిల్లీఆంపుల దాకా తాగుతుంది, పాతది మూడుతో సరిపెట్టుకునేది. చిన్న అడాప్టర్ మీద నడిచే డబ్బాలో నాలుగైదు ఐసీలు ఇలా మారిస్తే పవర్ సప్లై మూలుగుతుంది. ఇంకా వేగమైన ఖరీదైన ఐసీలు పెడితే, వాటి సప్లై కాళ్ల దగ్గర 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ లేకపోతే ఆసిలేట్ అవుతాయి, అంటే సిగ్నల్ లేకపోయినా తమంతట తామే ఊగిపోతుంటాయి. అది చెవికి వినపడదు, ఐసీ మీద వేలు పెడితే చుర్రుమంటుంది. డూప్లికేట్ ఐసీల గొడవ వేరే, అది మొదలుపెడితే సాయంత్రం అయిపోతుంది.

రెండోసారి విప్పింది హమ్ వల్ల, అంటే వెనక ఆగకుండా గుంయ్ మనే చప్పుడు వల్ల. ఇదే అసలైన అప్‌గ్రేడ్, అయినా దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. అప్పటికి నాకు కాస్త బుద్ధొచ్చింది. ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో 2, 3 నంబర్ల పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ సోల్డర్ చేసి, మైక్ బదులు అది గుచ్చి, గెయిన్ ఫుల్‌గా పెట్టి అర నిమిషం రికార్డ్ చేశాను. ఇదిగో ఆ ప్లగ్, చేతులు మార్చి చూడండి. ఆ రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ప్లాట్ స్పెక్ట్రమ్ చూస్తే 100 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టంత గీత. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, 50 దగ్గర పెద్ద గీత ఉంటే సాధారణంగా గ్రౌండ్ లూప్‌నో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌నో అనుమానించాలి. 100, 200, 300 అని వరసగా ఉంటే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాతి ఫిల్టర్ కెపాసిటర్ నీరసించిందని అర్థం. లోపల ఆ కెపాసిటర్ 1,000 మైక్రోఫారడ్, 85 డిగ్రీల వేడి దాకా తట్టుకునేది, నెత్తి ఉబ్బి ఉంది. ఇలాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని మోటు లెక్క. నా డబ్బాలో దాన్ని వేడెక్కే రెగ్యులేటర్‌కి ఆనించి పెట్టారు. 105 డిగ్రీలది తెచ్చి కాస్త ఎడంగా వేశాను. ఇరవై రూపాయలు కూడా కాలేదు, హమ్ పోయింది. ఈసారి తమ్ముడు పేర్లు మార్చలేదు.

అదే ఊపులో గెయిన్ నాబ్‌తో సిరీస్‌లో ఉన్న 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా మార్చాను. గెయిన్ ఫుల్‌గా తిప్పినప్పుడు అక్కడ మిగిలేది పది ఓమ్‌లే, ఆ రెండూ కలిస్తే 72 హెర్ట్జ్ నుంచి కిందికి బేస్ జారిపోతుంది. మాట రికార్డ్ చేసేవాళ్లకి దీంతో పనిలేదు. కానీ తంబూరా లాంటి మెల్లని వాద్యానికి గెయిన్ ఫుల్ కావాలి, ఒకటి శృతిలో మంద్ర షడ్జమం, అంటే కింది స, 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే సరిగ్గా కావలసిన చోటే మూడు డెసిబెల్స్ పైగా పోతున్నాయన్నమాట. 1,000 మైక్రోఫారడ్ వేస్తే ఆ హద్దు 16 హెర్ట్జ్‌కి దిగుతుంది. సైజు చూసుకుని కొనండి, నాది మూతకి తగిలి కొంచెం పడుకోబెట్టాల్సి వచ్చింది.

మూడోసారి విప్పిన కథ మీకు నవ్వొస్తుంది. ఇన్‌పుట్‌లో 48 వోల్టుల ఫాంటమ్‌ని (కండెన్సర్ మైక్‌కి కేబుల్ గుండానే పంపే కరెంటు) అడ్డుకునే రెండు కెపాసిటర్లు ఉంటాయి, నా దాంట్లో 50 వోల్టులవి వేశారు. స్టాండర్డ్ ప్రకారం ఫాంటమ్ 52 దాకా ఉండొచ్చు, అందుకని 63 వోల్టులవి వేద్దామనుకున్నాను, ఆలోచన మంచిదే. ప్లస్ కాలు మైక్ వైపు ఉండాలి. రాత్రి పదకొండు దాటింది, ఒకటి తిరగేసి పెట్టాను. ఫాంటమ్ ఆన్ చేసిన నిమిషానికి టప్‌మంది, గదంతా కుళ్లిన చేపల వాసన, మా అమ్మ వచ్చి తలుపు కొట్టింది. తిరిగి తీసేటప్పుడు కంగారులో ఐరన్ ఎక్కువసేపు ఆనించానేమో, బోర్డు మీద రాగి ప్యాడ్ కూడా లేచొచ్చింది. ఇదిగో, ఈ ఎర్ర వైరు ఆ రాత్రిదే.

సరే, ఐరన్ వేడెక్కింది. మీరు తెచ్చిన డబ్బాల్లో ముందు హమ్ ఉన్నవి ఇటు ఇవ్వండి, అడాప్టర్ పీకేసి. ఐసీ మార్చడానికి వచ్చినవాళ్లు ఆ రెసిస్టర్ ప్లగ్ పెట్టి ముందు అర నిమిషం రికార్డ్ చేసుకుని రండి.