మోకాలిచిప్ప ఎటు చూస్తోంది?

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్న ఎక్స్‌రే చూడండి. మనిషిని నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా తీసింది. రేడియోగ్రఫీ చదువు అయిపోయాక ఇలాంటివి మీరు రోజూ తీస్తారు. మీ దగ్గర్నుంచి వచ్చాక దీంతో నేనేం చేస్తానో చూపిస్తాను.

తొడ ఎముక తల మీద ఒక వృత్తం పెడతాను, అంచుకు అతికేదాకా సాగదీస్తాను. దాని మధ్య బిందువే తుంటి కేంద్రం. మోకాలి మధ్యలో ఒక చుక్క, చీలమండ మధ్యలో ఇంకో చుక్క. అంతే, సాఫ్ట్‌వేర్ కోణం చెప్పేస్తుంది. మూడూ ఒకే గీత మీద ఉంటే 180 డిగ్రీలు. దొడ్డికాళ్లలో మోకాలు బయటికి పోతుంది. రెండో రకంలో లోపలికొచ్చి మోకాళ్లు రాసుకుంటాయి. మన నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఆ కాళ్లతో పెరిగారో మీకు తెలుసు.

అయితే జబ్బేమీ లేకపోయినా అందరికీ 180 ఉండదు. బెల్జియంలో 250 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను కొలిచి 2012లో ప్రచురించారు. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి 3 డిగ్రీలు, అంతకు మించి దొడ్డితనం ఉంది. అంటే మనం 3 డిగ్రీలు తప్పు కొలిస్తే మామూలు కాలు వంకర కాలైపోతుంది.

అలాంటి తప్పు నేనే చేశాను. యాభై ఏళ్ల ఆవిడ, పొలం పని చేసుకునే మనిషి. ఎముక కోసి కాలు సరిచేసే ఆపరేషన్ అనుకున్నారు. ఎంత సరిచేయాలో ఈ కోణమే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ 8.3 డిగ్రీల వంపు అంది. పాయింటు తర్వాత అంకె కూడా ఉంది కదా అని నమ్మేశాను. రాత్రి మళ్లీ తెరిచి చూస్తే గుండె జారిపోయింది. మోకాలిచిప్ప నీడ బయటి పక్కకి జరిగి ఉంది. పిక్క దగ్గరి సన్నెముక పెద్దెముక వెనక దాక్కుంది. కాలు బయటికి తిరిగి ఉందన్నమాట. పైగా ఆవిడ మోకాలు పూర్తిగా చాపలేదు. మర్నాడు మళ్లీ తీస్తే 5 వచ్చింది.

ఎందుకలా? నా కాలు చూడండి. మోకాలు కొంచెం మడిచాను, అది ముందుకొచ్చింది. ఇప్పుడు కాలు బయటికి తిప్పుతున్నాను. ముందుకొచ్చిన మోకాలు పక్కకి పోయింది. మీకు ఎదురుగా దొడ్డికాలే కనిపిస్తోంది కదా? ఫిల్ముకూ అంతే. నేను చుక్కలు ఎంత జాగ్రత్తగా పెట్టినా లాభం లేదు.

సీటీలో ఈ ఇబ్బంది తక్కువ, ఎముక మెలి కొలవడానికి అదే కావాలి. కానీ పడుకోబెట్టి తీస్తాం, ఒంటి బరువు మోకాలి మీద పడదు. నిలబడినప్పటి వంపు అందులో పూర్తిగా తెలియదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పేషెంటు పాదాలు తిన్నగా ఉన్నాయని వదిలేయకండి. వంగండి, రెండు వేళ్లతో మోకాలిచిప్ప పట్టుకోండి, అది ఎదురుగా చూసేదాకా కాలు తిప్పించండి. మోకాలు చాపలేకపోతే ఆ సంగతి రిక్వెస్టు ఫారం మీద రాయండి. రండి, ముందు వరసలోంచి ఇద్దరు లేవండి, ఇక్కడే చేసి చూద్దాం.