కొమ్మ ఎక్కడ కోయాలి?

యాంకర్: నమస్కారం. బల్ల మీద ఈ మొద్దు చూసి మా కెమెరామన్ కూడా ఇదేంటని అడిగాడు. నూజివీడు నుంచి బస్సులో తెచ్చారట. చెప్పండి బాబాయ్‌గారూ.

మామిడి రైతు: మా బంగినపల్లి చెట్టుదండి. ఎనిమిదేళ్ల కిందట కాపు తగ్గిందని కొమ్మలు కొట్టించాను. ఇద్దరు మనుషులు, రెండు గొడ్డళ్లు. మధ్యాహ్నానికల్లా పది చెట్లు అవగొట్టారు. తొందరగా అయిపోయిందని నేనూ సంబరపడ్డాను. ఇదిగో, ఇక్కడ జానెడు మోటు వదిలేశారు. అది ఎండి, వాననీళ్లు దిగాయి. చెయ్యి పెట్టండి, మోచేతి దాకా పోద్ది.

యాంకర్: (చెయ్యి పెట్టి) అబ్బో, పిండిలా రాలుతోంది!

ఉద్యాన అధికారిణి: ఆకు లేని ముక్క బతకదు కదా. ఎండాక శిలీంధ్రాలకి అదే దారి. అలాగని కాండానికి ఒరుసుకుని నున్నగా కోసినా తప్పే. కొమ్మ కాండంతో కలిసేచోట ముడతలు పడ్డ ఉబ్బు ఉంటుంది, చొక్కా కాలరులా. గాయాన్ని కమ్ముకొచ్చే కొత్త బెరడు అక్కడే పుడుతుంది. దాన్ని తాకకుండా, సరిగ్గా దాని బయట రంపం పెట్టాలి.

రైతు: మనకి పుండు మానినట్టు చెట్టుకీ మానదా అమ్మా?

అధికారిణి: మానదండీ. పుచ్చిన కలపని చెట్టు మార్చుకోలేదు. దాని చుట్టూ గోడ కట్టి, పైన కొత్త పొర పెంచుకుంటుంది, అంతే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లని నిలువునా కోసి చూసి తేల్చిన సంగతిది. గాయం మీద తారు, పెయింటు పూస్తే పుచ్చు ఆగదని కూడా ఆయనే చూపించాడు.

రైతు: మరి బోర్డో పేస్టు?

అధికారిణి: అది తెగులు మందు, పెయింటు కాదు. మామిడిలో పెద్ద కోతలకి పూయమనే చెబుతాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. కాకపోతే తప్పు చోట కోసి, ఎంత పూసినా లాభం లేదు.

లైన్‌మన్: ఇవన్నీ తోటలో కుదురుతాయి మేడమ్. మాకు 11 కేవీ లైను కింద ఎల్‌సీ, అంటే కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి, దొరికేదే గంటో రెండు గంటలో. ఈలోపు వీధంతా ఫోన్లు, కరెంటు ఎప్పుడొస్తుందని. చెట్టు తల నరికేసి పోవడమే.

అధికారిణి: మళ్లీ ఆ చెట్టు దగ్గరికి ఎప్పుడెళ్తారు?

లైన్‌మన్: (నవ్వి) ఏడాదికే. ముందుకంటే గుబురుగా లేస్తాయి.

అధికారిణి: ఆకులన్నీ పోతే చెట్టుకి ఆకలి. బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒక్కసారే లేస్తాయి. అలా వచ్చిన కొమ్మలకి లోపల పట్టుండదు, పైపైన అతుక్కుని ఉంటాయి. గాలివానకి వైర్ల మీద పడేవి అవే. లైను వైపు పోయే కొమ్మనే తీయండి, అదీ పక్కకి తిరిగిన మరో కొమ్మ మొదలు దాకా. ఆ మిగిలేది తీసినదాని లావులో మూడో వంతైనా ఉండాలి.

యాంకర్: బరువైన కొమ్మ విరిగేటప్పుడు బెరడు చీల్చుకుపోతుంది కదా?

అధికారిణి: అందుకే మూడు కోతలు. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయాలి. ఇంకాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోటుని ఉబ్బు పక్కన తీసేయాలి.

రైతు: నేనైతే కాయ కోత అయ్యాక, ఆగస్టు దాటకుండా ముగిస్తున్నాను. ఒక ఏడు కార్తీకంలో కోయిస్తే, పూత రావాల్సిన చోట చిగురేసింది. ఆ చెట్లకి ఆ ఏడు కాపే లేదు.

అధికారిణి: చిగురు ముదిరితేనే పూత. ఆలస్యమైతే అంతే.

లైన్‌మన్: బాబాయ్, ఈ మొద్దు తిరిగి మోసుకెళ్తారా? లేకపోతే నాకివ్వండి. మా వాళ్లు నేను చెబితే వినరు, చెయ్యి పెట్టిస్తాను.

రైతు: తీసుకో. బస్సులో దీనికీ టిక్కెట్టు కొట్టారు.