ఆ సంతకం ఎవరు పెట్టాలి?

అందరికీ నమస్కారం. ప్రభుత్వ నిఘా గురించి మాట్లాడమన్నారు. ఫోన్ల దగ్గరికి తర్వాత వస్తాను, ముందు ఉత్తరాల సంగతి చెప్పనివ్వండి.

1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పోస్టాఫీసు చట్టానికి ఒక సవరణ తెచ్చింది. పోస్టులో వెళ్లే ఉత్తరాలను ఆపి, విప్పి చూసే అధికారాన్ని బాగా పెంచే సవరణ అది. లోక్‌సభలో కాంగ్రెస్‌కు 400కి పైగా సీట్లున్న రోజులు. బిల్లు రెండు సభల్లోనూ సులువుగా నెగ్గి, రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దగ్గరికి వెళ్లింది. ఆయన సంతకం పెట్టలేదు. తిప్పి పంపనూ లేదు. ఇన్ని రోజుల్లో తేల్చాలని రాజ్యాంగం 111వ అధికరణంలో గడువేమీ లేదు. అందుకే 1987 జులైలో పదవి నుంచి దిగేదాకా దాన్ని అలాగే అట్టిపెట్టారు. ఆయనకీ ప్రధానికీ అప్పటికే పడేది కాదు, ఆ కోపమే ఇలా తీర్చుకున్నారనేవాళ్లున్నారు. అయి ఉండొచ్చు. కోపంతో ఆపినా మన ఉత్తరాలైతే మిగిలాయి. చివరికి 2002లో వాజపేయి ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు 2023 డిసెంబరుకు రండి. కొత్త పోస్టాఫీసు బిల్లు పార్లమెంటులో చర్చకు వచ్చింది. అందులో 9వ సెక్షన్ చదివినప్పుడు నాకు నిజంగా భయమేసింది. దేశ భద్రత, శాంతిభద్రతలే కాదు, ఏ చట్టాన్ని ఉల్లంఘించినా సరే, పోస్టులో వెళ్లేదాన్ని ఆపి విప్పే అధికారం అధికారులకు ఇవ్వొచ్చట. లోక్‌సభ దాన్ని డిసెంబరు 18న ఆమోదించింది. అదే రోజు రెండు సభల్లో కలిపి 78 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెండయ్యారు. వాళ్లు గొడవ చేసింది పార్లమెంటు భద్రతా వైఫల్యం మీద, ఈ బిల్లు మీద కాదు. ఆ వారంలోనే టెలికాం బిల్లు కూడా పాసైంది. 1986 బిల్లుకు రాష్ట్రపతి భవన్‌లోనైనా ఒక అడ్డు తగిలింది. ఈసారి అదీ లేదు.

ఇక ఫోన్లు. ఫోన్ ట్యాపింగ్‌కు మొన్నటిదాకా ఆధారం బ్రిటిష్‌వాళ్లు 1885లో చేసిన టెలిగ్రాఫ్ చట్టం. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, 1996లో కోర్టు కొన్ని షరతులు పెట్టింది: హోం సెక్రటరీయే ఉత్తర్వు ఇవ్వాలి, దానికి కాలపరిమితి ఉండాలి, ఒక రివ్యూ కమిటీ చూడాలి. జడ్జి అనుమతి మాత్రం తప్పనిసరి చేయలేదు. ఆ కమిటీలో ఉండేదీ అధికారులే. ఒక సెక్రటరీ పెట్టిన సంతకాన్ని ఇంకొందరు సెక్రటరీలు చూస్తారన్నమాట. ఇందాక చెప్పిన టెలికాం చట్టం కింద 2024లో వచ్చిన కొత్త రూల్స్‌లోనూ ఈ పద్ధతే.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం, దయచేసి ఓపిగ్గా వినండి. 2013లో ఒక ఆర్టీఐ దరఖాస్తుకు కేంద్ర హోం శాఖ ఇచ్చిన జవాబు ప్రకారం, నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఫోన్ల ట్యాపింగ్ ఉత్తర్వులు జారీ అయ్యేవి. తక్కువ అంకే తీసుకుందాం. నెలకు 25 పనిదినాలనుకుంటే రోజుకు 300. హోం సెక్రటరీ ఇంకే పనీ పెట్టుకోకుండా ఎనిమిది గంటలూ దీనికే కూర్చున్నా ఒక్కో ఫైలుకు రెండు నిమిషాలు కూడా రావు. రివ్యూ కమిటీ సంగతి ఇంకా ఘోరం. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని 2018లో, డేటా రక్షణ మీద ప్రభుత్వం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే రాసింది. దీన్ని పరిశీలన అని ఎలా అనగలం?

కానీ మన రాజకీయాల్లో దీని మీద గొడవ ఎప్పుడు లేస్తుంది? పెద్దవాళ్ల ఫోన్లు విన్నప్పుడే. ట్యాపింగ్ ఆరోపణల మీద 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసులు కాపు కాశారన్న గొడవతో 1991లో చంద్రశేఖర్ దిగిపోయారు. 2021లో, ఫోన్లలోకి చొరబడి అన్నీ చూసే పెగాసస్ అనే సాఫ్ట్‌వేర్ మీద వర్షాకాల సమావేశాలే స్తంభించాయి. జాతీయ భద్రత అన్నంత మాత్రాన ప్రతిసారీ తప్పించుకోలేరని సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన ఎన్.వి. రమణ గారి ధర్మాసనం గట్టిగానే చెప్పి, కమిటీని వేసింది. ఆ కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింట్లో ఏదో మాల్‌వేర్ కనిపించింది. అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కూడా కోర్టులోనే చెప్పారు. ఇన్ని గొడవలు జరిగినా, ఏ పార్టీ అధికారంలోకొచ్చినా, ఆ సంతకం పెట్టే చెయ్యి మాత్రం మారలేదు.

నిఘా అసలే వద్దని నేననను. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లకు ఫోన్లో ఆదేశాలు ఎక్కడి నుంచి వచ్చాయో ప్రపంచానికి తెలిసింది ఆ కాల్స్ వినబట్టే. నేనడిగేది ఆ ఫైలు ఒక జడ్జి ముందుకు వెళ్లాలని. మనకు 1885 చట్టం అంటగట్టిన బ్రిటనే 2016లో తన చట్టం మార్చుకుంది. అక్కడిప్పుడు మంత్రి వారెంట్ ఇస్తే సరిపోదు, జ్యుడీషియల్ కమిషనర్ కూడా ఒప్పుకోవాలి.

మీ నియోజకవర్గం ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. పార్లమెంటులో రెండే ప్రశ్నలు వేయమనండి. పోయిన ఏడాది ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు ఇచ్చారు? అందులో రివ్యూ కమిటీ ఎన్నింటిని కొట్టేసింది? ఆ రెండో అంకె సున్నా అని తేలితే, జడ్జి ఎందుకు కావాలో నేను మళ్లీ వచ్చి చెప్పక్కర్లేదు.