777 ఇచ్చినా 403 వస్తుందా? ఎస్‌ఈలినక్స్ బంద్ చేయకుండ్రి

అందరికీ నమస్తే, హనుమకొండ నుంచి.

మొన్న రాత్రి కాజీపేట తమ్ముడొకడు ఫోన్ చేసిండు. "అన్నా, పొద్దుగాల పిల్లల మార్కులు సైట్ల పెట్టాలె. ఫైల్ ఉన్నది, 777 ఇచ్చిన, అయినా 403 ఫర్బిడెన్ అంటున్నది. ఎస్‌ఈలినక్స్ బంద్ చేస్తే నడుస్తదట, చేయనా?" 777 అంటే ఎవరైనా చదువొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అని ఫైల్‌కు ఇచ్చే అనుమతి. 403 అంటే "నీకు అనుమతి లేదు" అని వెబ్ సర్వర్ ఇచ్చే జవాబు. ఎస్‌ఈలినక్స్ అంటే లినక్స్‌ల ఉండే ఇంకో కాపలా.

వద్దు తమ్మీ అన్న. అంతమంది పిల్లల వివరాలున్న సర్వర్ అది.

777 ఎందుకు పనిచేయలేదంటే, లినక్స్‌ల తనిఖీలు రెండు. మొదటిది మనం చేమాడ్ కమాండ్‌తో మార్చే పర్మిషన్లు. అవి దాటినంక ఎస్‌ఈలినక్స్ లేబుల్ చూస్తది, అంటే ప్రతి ఫైల్ మీద, ప్రతి సర్వీస్ మీద ఉండే గుర్తు. అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000ల బయటపెట్టిన పని ఇది, 2003ల లినక్స్‌కు గుండెకాయసొంటి 2.6 కెర్నెల్‌ల చేరింది. పాలసీల (దాని రూల్స్‌ల) అనుమతి లేకుంటే రూట్ (అన్ని అధికారాలున్న ఖాతా) పేరు మీద నడిచే సర్వీసైనా ఆగాల్సిందే.

"ఎల్ఎస్ మైనస్ పెద్ద జెడ్ కొట్టు, లేబుల్ కనపడుతది" అన్న. కొట్టిండు. ఫైల్ మీద యూజర్ హోమ్ టి అని ఉన్నది, అంటే యూజర్ సొంత ఫోల్డర్ ఫైల్ అని; దాన్ని చదివే అనుమతి వెబ్ సర్వర్‌కు లేదు. నాకు అక్కడనే అర్థమైంది. ఫైల్‌ను ముందు తన హోమ్ ఫోల్డర్‌ల దించుకొని, ఎమ్‌వితో వెబ్ ఫోల్డర్‌కు జరిపిండు. ఏనుమాముల మార్కెట్‌ల బస్తాను ఇంకో రాశి పక్కకు జరిపితే దాని మీది చీటీ మారుతదా? ఎమ్‌వి అంతే, పాత లేబుల్‌తోనే పోతది. సీపీ (కాపీ) చేస్తే కొత్త ఫైల్ పుడుతది, మామూలుగా ఆ ఫోల్డర్ లేబులే వస్తది.

ఆ చోటుకు ఉండాల్సిన లేబుల్ మళ్ల పెట్టే కమాండ్ చెప్పిన: రీస్టోర్‌కాన్ మైనస్ పెద్ద ఆర్ చిన్న వి, వెబ్ ఫోల్డర్ దారి. ఎంటర్. పేజీ తెరుచుకున్నది.

మీ ఫైళ్లు వేరే డిస్క్ మీద, సొంత ఫోల్డర్‌ల ఉంటే రీస్టోర్‌కాన్ ఒక్కటే చాలదు. ముందు సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో ఆ దారికి ఏ లేబులో చెప్పి, తర్వాత రీస్టోర్‌కాన్ కొట్టాలె. చేకాన్ కమాండ్‌తో నేరుగ పెట్టిన లేబుల్ మళ్ల రీలేబుల్ అయితే (లేబుళ్లు తిరిగి వేస్తే) పోతది.

ఎవరు ఎవరిని ఆపిర్రో తెలువాలంటే ఏయూసెర్చ్ మైనస్ ఎమ్ ఏవీసీ కొట్టుండ్రి, ఎస్‌ఈలినక్స్ ఆపినవాటి లాగ్ కనపడుతది. ఎస్‌కాంటెక్స్ట్ అంటే అడిగినోడు, టీకాంటెక్స్ట్ అంటే అడిగిన వస్తువు. ఆ రెండు చదువకుండ ఆడిట్‌టుఅలౌ (ఆపినవాటికి అనుమతులు రాసిచ్చే కమాండ్) ఇచ్చిన మాడ్యూల్ ఎక్కించకుండ్రి, అవసరం లేని తలుపులు తెరుస్తది. పరీక్ష కోసం సడలించాల్నంటే సెమానేజ్ పర్మిసివ్‌తో హెచ్‌టీటీపీడీ టి (వెబ్ సర్వర్ లేబుల్) ఒక్కదాన్నే సడలించుండ్రి, పని కాంగనే తీసేయుండ్రి.

ఫోన్ పెట్టేముందు ఆ 777 కూడా తీపిచ్చిన. ఫైల్‌కు 644, ఫోల్డర్‌కు 755. అంటే ఓనర్ తప్ప వేరేటోళ్లు రాయలేరు.