క్రిస్మస్ కాక్టస్‌ను నెల్లూరు, ఒంగోలు ఉక్కలో పూయించడం ఎట్లా?

నమస్కారమండీ. కొన్న ఏడాది క్రిస్మస్ కాక్టస్ కుండీ నిండా పూసింది. మరుసటి ఏడాది పచ్చగా, ఏపుగానే ఉంది, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. మొక్కకు జబ్బేమీ లేదు. నర్సరీ వాళ్లు దాన్ని చల్లటి చోట పెంచి, మొగ్గ తొడిగాక మనకు అమ్మారు. ఆ మొగ్గ మన ఊళ్లో పడింది కాదు. మన ఇంట్లోనే మొగ్గ పడేట్టు చేయడం ఎట్లాగో ఈ వీడియోలో చూద్దాం.

(బిళ్లల అంచులు దగ్గరగా చూపిస్తూ)

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి. ఈ బిళ్లలు ఆకులు కావు, కాండమే. అంచున ఇట్లా కొక్కేల్లాంటి పళ్లుంటే అది ష్లంబర్గెరా ట్రంకాటా. మన నర్సరీల్లో క్రిస్మస్ కాక్టస్ పేరుతో అమ్మేది చాలావరకు ఇదే. అసలు క్రిస్మస్ కాక్టస్‌కు అంచు గుండ్రంగా, మెత్తటి వంపులతో ఉంటుంది, కాస్త ఆలస్యంగా పూస్తుంది. పెంపకం రెండింటికీ ఒకటే.

కాక్టస్ అన్నారు కదా అని మేడ మీద ఎండలో పెట్టకండి. దీని పుట్టిల్లు ఎడారి కాదు, బ్రెజిల్ ఆగ్నేయాన సముద్రానికి దగ్గరున్న కొండల అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద, రాళ్ల సందుల్లో, నీడలో పెరుగుతుంది. వేరుకు గాలి కావాలి, బిళ్లకు తేమ కావాలి, రాత్రి చల్లగా ఉండాలి. మొదటి రెండూ మనం ఇవ్వగలం. కష్టమంతా మూడో దాంతోనే.

మట్టి సంగతి. 5 అంగుళాల మట్టికుండీకి రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు పెర్లైట్ (తేలికపాటి తెల్లటి గుల్లరాయి పలుకులు), ఒక పాలు వర్మీకంపోస్టు. పెర్లైట్ దొరక్కపోతే శనగగింజంత ఇటుక ముక్కలు, జల్లెడ పట్టి దుమ్ము తీసేసి వేయండి. పొలం నల్లమట్టి గుప్పెడు కూడా వద్దు, వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానేసి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి, పిండి వాడండి. కుండీ పెద్దది పెట్టాలన్న ఆశ కూడా వద్దు, వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే పూత బాగుంటుంది.

నీళ్లలో మనవాళ్లకు ఇంకో చిక్కుంది. తీరం వెంబడి ఊళ్లలో, ప్రకాశంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు పోస్తూ పోతే కుండీ అంచున తెల్లగా పెచ్చు కడుతుంది, బిళ్లల కొసలు ఎండుతాయి. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేకపోతే ఏసీ నుంచి కారే నీళ్లు వాడండి. ఆర్వో మంచినీళ్లయినా సరే. ఆర్వో మిషను బయటికి వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. మట్టిలో వేలు పెట్టి చూడండి. పైన 2 సెంటీమీటర్లు ఆరితే, అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోయండి. తేదీ చూసి పోయడం ఈ మొక్కకు పనికిరాదు. మేలో రెండు రోజులకే ఆరుతుంది, నవంబరు ముసురులో పది రోజులైనా ఆరదు.

ఎండాకాలం దీన్ని బతికించుకుంటే చాలు, పెంచాలని చూడకండి. తూర్పు కిటికీ దగ్గరో, ఉత్తరపు వసారాలోనో ఉంచండి. పడమటి గాలి మాత్రం సోకకూడదు. రోహిణి కార్తెలో ఆ గాలి ఒక్క మధ్యాహ్నం కొట్టినా బిళ్లలు వేలాడిపోతాయి. ఆ నెలల్లో ఎరువు వేయొద్దు. బిళ్ల ఎర్రగా, ఊదాగా మారుతుంటే ఎండ ఎక్కువైందని అర్థం.

జూన్ చివర్లో ఎండ తగ్గాక ఎరువు మొదలుపెట్టండి. 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న, నీళ్లలో కరిగే ఎరువు, లీటరు నీళ్లకు 1 గ్రాము, పదిహేను రోజులకొకసారి, ఆగస్టు ఆఖరుదాకా. ఈ మొక్కకు మెగ్నీషియం అవసరం కాస్త ఎక్కువ. ఎరువుల కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ అని అడగండి, నిమ్మతోటలకు కొట్టేదే. అది లీటరుకు 1 గ్రాము, నెలకొకసారి, ఎరువు వేయని వారంలో. సెప్టెంబరు నుంచి రెండూ ఆపేయాలి. అప్పుడు కూడా బలం పెడుతుంటే కొత్త బిళ్లలే వేస్తుంది గానీ మొగ్గ వేయదు.

ఇక అసలు విషయం.

ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా 'రోజుకు 14 గంటల చీకటి, ఆరు వారాలు' అంటారు. మాట నిజమే. కానీ చల్లటి దేశాల్లో అక్టోబరు రాత్రి ఎట్లాగూ చల్లగా ఉంటుంది కాబట్టి చీకటొక్కటి చూసుకుంటే సరిపోతుంది. మనకు చీకటి ఒక అట్టపెట్టెతో వస్తుంది. చల్లదనమే రాదు. రాత్రి 15 నుంచి 20 డిగ్రీలుంటే మొగ్గ బాగా పడుతుంది. 24 దాటితే ఎంత చీకటి ఇచ్చినా సరిగా పడదు. నెల్లూరులో అక్టోబరు రాత్రులు ఎట్లా ఉంటాయో మీకు తెలియంది కాదు, వాన పడ్డా ఉక్క పోదు. అందుకే ఫ్యాను గదిలో అక్టోబరు నుంచే పెట్టెలు మూసి తీయడం చాలావరకు వృథా శ్రమ.

రెండు దారులున్నాయి. రాత్రంతా ఏసీ నడిచే పడకగది ఉంటే అక్టోబరు మొదటి వారంలోనే మొదలుపెట్టొచ్చు, క్రిస్మస్ నాటికి పూలు చూడొచ్చు. ఏసీ లేనివాళ్లు నవంబరు చివరిదాకా ఆగండి, పూలు సంక్రాంతి దాటాక వస్తాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు చలి కాస్త ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు రెండు వారాలు ముందే మొదలుపెట్టొచ్చు.

(అట్టపెట్టె చూపిస్తూ)

మొదలుపెట్టే ముందు ప్రతి కొమ్మ కొసా చూడండి. ఒక సెంటీమీటరు కూడా లేని లేత బిళ్లలుంటే మెలితిప్పి తీసేయండి. మొగ్గ ముదురు బిళ్ల కొసనే పడుతుంది. తరువాత సాయంత్రం 6కి పెట్టె బోర్లించి, పొద్దున 8కి తీయాలి. పెట్టె సందుల్లోంచి ట్యూబులైటు వెలుతురు పోకుండా పైన నల్లగుడ్డ కప్పండి. డిసెంబరులో మన రాత్రి దాదాపు పన్నెండు ముప్పావు గంటలు. అంటే మనం అదనంగా ఇచ్చేది గంట పైచిలుకు మాత్రమే, కానీ మధ్యలో వీధిలైటో, వసారాలో కట్టిన క్రిస్మస్ స్టారో పడితే లెక్క చెడిపోతుంది. ఏసీ గాలి సూటిగా మొక్కకు తగలకూడదు. పగలు తప్పకుండా కిటికీ వెలుతురులో పెట్టండి, రోజంతా చీకటి గదిలో ఉంచితే నీరసించి పోతుంది. ఈ ఆరు వారాలూ నీళ్లు కాస్త తగ్గించండి. బిళ్ల ముడతలు పడేంత మాత్రం కాదు.

మూడు నాలుగు వారాలకు కొసన చిన్న చుక్క కనిపిస్తుంది. గుండ్రంగా, గులాబీ రంగు మొనతో ఉంటే మొగ్గ. పలచగా, పచ్చగా ఉంటే కొత్త బిళ్ల, అంటే రాత్రులు ఇంకా వేడిగా ఉన్నాయన్నమాట. మొగ్గ శనగగింజంత అయ్యాక పెట్టెతో పనిలేదు. పూత విచ్చడానికి అక్కడి నుంచి ఇంకో ఐదారు వారాలు.

మొగ్గ రాలడం గురించి. పడ్డ మొగ్గ చాలాసార్లు మన చేతుల్లోనే పోతుంది: చుట్టాలకు చూపిద్దామని హాల్లోకి మారుస్తాం, కుండీని అటూ ఇటూ తిప్పుతాం, ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు వరదలా పోస్తాం. మొగ్గ కనిపించాక కుండీ కదలకూడదు. పండ్ల బుట్ట పక్కన కూడా పెట్టకండి. మాగే అరటిపండు వదిలే ఇథిలీన్ అనే వాయువుకు ఈ మొగ్గలు తట్టుకోలేవు.

ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాను ముసురుల్లో దీన్ని బయట వానలో వదలొద్దు. బిళ్లలు మెత్తబడి, మట్టి దగ్గర గోధుమ రంగు తిరిగితే వేరు కుళ్లు. అప్పుడు కుండీని కాపాడాలని చూడకుండా పైన గట్టిగా ఉన్న కొమ్మలు తీసి అంట్లు పెట్టుకోండి. కణుపుల్లో దూదిలా కనిపించేది పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. ఎక్కువైతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

పూలు వాడాక, ఫిబ్రవరిలో ప్రతి కొమ్మకూ కొసన ఒకటి రెండు బిళ్లలు తిప్పి తీయండి. తీసిన చోట రెండేసి కొమ్మలు వస్తాయి, వచ్చే ఏడాది మొగ్గకు కొసలు పెరుగుతాయి. తీసినవాటిలో రెండు మూడు బిళ్లలున్న ముక్కలను ఒకరోజు నీడలో ఆరనిచ్చి, అంగుళం లోతు గుచ్చండి, నెలా నెలన్నరలో వేరు వస్తుంది. కుండీ మార్చడం కూడా ఇప్పుడే, రెండు మూడేళ్లకొకసారి. మార్చి దాటితే ఈ పనులేవీ పెట్టుకోకండి, ఎండకు అంట్లు నిలవవు.