వ్యూహం వల్లే లాభమా? సర్వే డేటా చెప్పే అబద్ధం

[తెరపై: ప్రశ్నావళి పేజీ. 7, 31 ప్రశ్నల చుట్టూ ఎర్ర గీత]

ఈ రెండు ప్రశ్నలు చూడండి. 7వది: "మా సంస్థకు స్పష్టమైన వ్యూహం ఉంది." 31వది: "పోటీదారులతో పోలిస్తే మా పనితీరు బాగుంది." రెండింటికీ 1 నుంచి 5 దాకా స్కేల్. రెండూ నింపింది ఒకే మేనేజరు, ఒకే సిట్టింగ్‌లో. ఇలాంటివి 200 పోగేసి సాఫ్ట్‌వేర్‌లో పెడితే కోరిలేషన్ (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయో, తగ్గుతాయో చెప్పే అంకె) 0.6 వచ్చిందనుకుందాం. "వ్యూహం పనితీరును పెంచుతుంది" అని థీసిస్‌లో రాసేస్తారు.

ఆ 0.6లో వ్యూహం వాటా ఎంత? జవాబిచ్చిన మనిషి ఆ రోజు తన సంస్థ గురించి పెట్టుకున్న అభిప్రాయం వాటా ఎంత? ఈ డేటాతో విడదీయలేం. రెండింటినీ ఒకే మనిషిని ఒకే పద్ధతిలో అడగడం వల్ల వచ్చే ఈ వంకరనే కామన్ మెథడ్ బయాస్ అంటారు.

[తెరపై: 1975, బారీ స్టా ప్రయోగం]

ఇది ఎంత బలంగా పనిచేస్తుందో 1975లో పరిశోధకుడు బారీ స్టా చూపించారు. విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, ఒక కంపెనీ ఆర్థిక వివరాలిచ్చి, రాబోయే అమ్మకాలు, షేరుకు వచ్చే ఆదాయం అంచనా వేయమన్నారు. తర్వాత కొన్ని బృందాలకు బాగా చేశారనీ, మిగతావాటికి సరిగా చేయలేదనీ చెప్పారు. ఆ మాటకు అసలు ఫలితంతో సంబంధమే లేదు, లాటరీ తీసినట్టు పంచారు. ఆపైన, మీ బృందం ఎలా పనిచేసిందని అడిగారు. బాగా చేశామని విన్నవాళ్లు మాలో ఐకమత్యం ఉంది, మాటలు బాగా కలిశాయి, ఉత్సాహం ఉంది అన్నారు. రెండో రకంవాళ్లు మార్కులు తగ్గించేశారు.

అంటే ఫలితం ముందు తెలిసింది, కారణం తర్వాత పుట్టింది. లాభాల్లో ఉన్న సంస్థ మేనేజరు "మా వ్యూహం స్పష్టం" అని 5 వేస్తే, అది వ్యూహం గురించి చెప్పిన మాటో, లాభం చూసి చెప్పిన మాటో మనకు తెలియదు.

"అయితే పనితీరును వార్షిక నివేదిక నుంచి తీసుకుంటాం" అంటారు. మంచిదే, కానీ సగం పరిష్కారమే. ఆ లాభం సంగతి మేనేజరుకు సర్వే రోజుకే తెలుసు కదా! అందుకని సంవత్సరాలు జరపాలి.

[తెరపై: కాలరేఖ. 2021 ఆర్ఓఏ → 2022 సర్వే → 2023 ఆర్ఓఏ]

సర్వే 2022లో చేస్తే, ఫలితంగా 2023 ఆర్ఓఏ (రిటర్న్ ఆన్ అసెట్స్, ఆస్తులపై రాబడి) తీసుకోండి. అంటే నికర లాభాన్ని ఆ ఏడాది సగటు మొత్తం ఆస్తులతో భాగించాలి. 2021 ఆర్ఓఏను కంట్రోల్ వేరియబుల్‌గా పెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే. పాత లాభం ప్రభావాన్ని పక్కన పెట్టాక కూడా వ్యూహం స్కోరు కొత్త లాభాన్ని చెప్పగలిగితే, అప్పుడు మాట్లాడటానికి ఏదో ఉన్నట్టు.

ఇక మనుషులను విడదీయడం. వ్యూహం ప్రశ్నలు ఒకరికి, దాని అమలు గురించిన ప్రశ్నలు మరో విభాగం మేనేజరుకు పంపండి. ఒకే అంశాన్ని ఒకే సంస్థలో ఇద్దరు ముగ్గురిని అడిగి సగటు తీస్తుంటే, ముందు వాళ్ల జవాబులు కలుస్తున్నాయో లేదో ఆర్‌డబ్ల్యూజీ (rwg, జవాబుల ఏకీభావాన్ని కొలిచే సూచిక)తో చూడాలి. 0.70 దాటాలన్నది వాడుకలో ఉన్న గీత. ఒకరు 1, ఇంకొకరు 5 వేసినచోట సగటు 3కి అర్థం లేదు.

దీనికి ఖర్చుంది. 0.3 కోరిలేషన్‌ను 80 శాతం పవర్‌తో (అంటే సంబంధం నిజంగా ఉంటే దొరికే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ దగ్గర (అంటే లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశం) పట్టుకోవాలంటే సుమారు 85 సంస్థలు కావాలి. మొదటి మేనేజర్లలో 30 శాతం జవాబిచ్చి, ఆ సంస్థల్లో సగం చోట్ల మాత్రమే రెండో మేనేజరు జవాబిస్తే? దాదాపు 570 సంస్థలకు పంపాలి. ఈ లెక్క ప్రపోజల్ దశలోనే వేసుకోండి.

[తెరపై: ప్రశ్న మీద కొట్టివేత]

ప్రశ్నల మాటా ఒకటి. "మేం కొత్త ఉత్పత్తులను వేగంగా, తక్కువ ఖర్చుతో తెస్తాం." ఇవి రెండు ప్రశ్నలు. వేగం ఉండి ఖర్చు ఎక్కువైతే ఏం వేయాలి? "గత 12 నెలల్లో ఎన్ని కొత్త ఉత్పత్తులు మార్కెట్లోకి తెచ్చారు?" అని అడిగితే అభిప్రాయం దూరే సందు తగ్గుతుంది.

హార్మన్ పరీక్ష అంటే ప్రశ్నలన్నిటినీ కలిపి, వాటి వెనకున్న ఒక ఉమ్మడి ఫ్యాక్టర్ జవాబుల్లోని తేడాల్లో (వేరియన్స్) ఎంత వాటా వివరిస్తుందో చూడటం. హార్మన్ పరీక్ష చేశాం, మొదటి ఫ్యాక్టర్ 50 శాతం దాటలేదు, కాబట్టి బయాస్ లేదు... ఈ వాక్యం ఎన్ని థీసిస్‌లలో ఉంటుందో! ఐదారు కాన్సెప్టులు కొలిచే 30 ప్రశ్నల్లో ఒక్క ఫ్యాక్టరే సగం వేరియన్స్ లాక్కోవడం అరుదు. బయాస్ ఉన్నా పాసైపోయే పరీక్ష అది. క్రోన్‌బ్యాక్ ఆల్ఫా (ఒక అంశాన్ని కొలిచే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతాయో చెప్పే అంకె) 0.95 వచ్చిందని మురిసిపోవడమూ అంతే. ఒకే ప్రశ్నను మాటలు మార్చి నాలుగుసార్లు అడిగినా అంత వస్తుంది.

డేటా ఇప్పటికే ఒక్కరి దగ్గరే సేకరించేశారా? వాటిలో ఓ 30 సంస్థలకు మళ్లీ వెళ్లి, రెండో మేనేజరును అవే వ్యూహం ప్రశ్నలు అడగండి. ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో పట్టిక వేయండి. నివేదికలు దొరికిన సంస్థలకు ఆర్ఓఏ చేర్చి విశ్లేషణ మళ్లీ నడపండి. 0.6 కాస్తా 0.2కు పడిపోతే ఆ రెండు అంకెలనూ పక్కపక్కనే ఇవ్వండి. చర్చ అధ్యాయంలో "వల్ల" అని రాసినచోటల్లా "సంబంధం కనిపించింది" అని దిద్దండి.