సర్వర్ ఆన్‌లోనే ఉంది, సైట్ మాత్రం రావట్లేదు

హోస్ట్: అన్నా, సైట్లను తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీ ఏదైనా సరే 99.9 శాతం అప్‌టైమ్, అంటే సైట్ పనిచేసే సమయం, అని పెద్దక్షరాల్లో వేసుకుంటుంది. నూటికి నూరే కదా దాదాపు?

గెస్ట్: అలా అనిపించాలనే వేస్తారమ్మా. ఏడాదికి 8,760 గంటలు, అందులో 0.1 శాతం అంటే 8 గంటల 45 నిమిషాలు. అంతసేపు సైట్ పోయినా వాళ్ళు మాట తప్పనట్టే. చాలామంది నెలకే లెక్క కడతారు, అప్పుడు 43 నిమిషాలు. ముందే మెయిల్ పెట్టి చేసే మెయింటెనెన్స్ చాలా ఒప్పందాల్లో అసలు లెక్కలోకే రాదు. మాట తప్పితే ఇచ్చేది కూడా మామూలుగా బిల్లులో కాస్త తగ్గింపే, నీకు పోయిన వ్యాపారం కాదు.

హోస్ట్: సర్వర్లలో వాడే లినక్స్ సిస్టమ్‌లో ‘అప్‌టైమ్’ అని కమాండ్ కొడితే 400 రోజులు అని చూపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెడతారు కదా కొందరు?

గెస్ట్: అది చూస్తే నాకు టెన్షన్. రీస్టార్ట్ చేయకుండానే అప్‌డేట్ చేసే లైవ్ ప్యాచింగ్ లేకపోతే, అన్ని రోజులుగా సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ అప్‌డేట్లేవీ అమల్లోకి రాలేదని అర్థం. పైగా ఆ కమాండ్ చెప్పేది మెషిన్ రీస్టార్ట్ అయి ఎంతకాలమైందనే. డిస్క్ నిండిపోయినా, సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు దాటినా, డేటాబేస్ పలకకపోయినా అది 400 రోజులనే చూపిస్తుంది.

హోస్ట్: అంటే మెషిన్ బాగానే ఉన్నా సైట్ పోవచ్చు.

గెస్ట్: 2021 అక్టోబర్ 4 గుర్తుందా? మనకి రాత్రి 9 దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మొత్తం పోయాయి, మన వాళ్ళంతా వైఫై రూటర్ ఆపి వేసి చూసుకున్నారు. సర్వర్లు కాలిపోలేదు. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ని తెంపేసింది, అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన టూల్‌లోనే బగ్ ఉంది. డేటా సెంటర్లు అందకపోయేసరికి సైట్ పేరుకి అడ్రస్ చెప్పే వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లు, మా దగ్గరికి దారి ఇది అని మిగతా ఇంటర్నెట్‌కి చెప్పడం మానేశాయి. బాగుచేద్దామంటే ఇంజినీర్లు వాడే లోపలి టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి, తాళంచెవి ఇంట్లో ఉంచి తలుపేసుకున్నట్టు. చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకి పంపారు, అక్కడ సెక్యూరిటీ దాటి సర్వర్ల దాకా వెళ్ళడానికే టైమ్ పట్టింది. సుమారు 6 గంటలు.

హోస్ట్: సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ విషయంలో జరిగింది కూడా ఇలాంటిదేనా?

గెస్ట్: అక్కడ మెషిన్లే పడిపోయాయి. 2024 జులై 19న ఒక తప్పు అప్‌డేట్ వెళ్ళింది, 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. అయినా అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం స్క్రీన్‌లో ఇరుక్కున్నాయి. చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో వైరల్ అయింది చూడు, అదీ ఆ రోజుదే. అందుకే నేను ఎప్పుడు పడింది అని కాదు, లేపడానికి ఎంతసేపు, లేపే దారి దాంతోపాటే పడిపోతుందా అని అడుగుతాను.

హోస్ట్: మరి చిన్న సైట్ నడిపేవాళ్ళు ఏం చేయాలి?

గెస్ట్: సైట్ నడుస్తోందా అని చూసే మానిటరింగ్ బయట పెట్టుకోండి, అదే సర్వర్ మీద పెడితే అది పడ్డప్పుడు అలర్ట్ పంపేవాడే ఉండడు. సర్వర్ పలుకుతోందా అని మాత్రమే చూసే పింగ్ చాలదు, పేజీ తెరుచుకుని అందులో ఉండాల్సిన మాట ఉందా అని చూడాలి. ఇంకోటి, మానిటరింగ్ ఫ్రీ ప్లాన్లు చాలావరకు 5 నిమిషాలకోసారి చెక్ చేస్తాయి. మధ్యలో 4 నిమిషాలు పడి లేస్తే వాటికి తెలియకపోవచ్చు. 99.999 శాతం అప్‌టైమ్ అంటే ఏడాది మొత్తానికి పడిపోవచ్చనేది 5 నిమిషాల చిల్లరే. కాబట్టి నీ రిపోర్ట్‌లో 100 శాతం అని పచ్చగా కనిపిస్తే, ముందు చెక్ ఎన్ని నిమిషాలకోసారో చూడు.